కాటాబాబుకు దిష్టి నేర్పిన ఊరు

లాగ్ 118
చద్దిమూట పడవ, తెప్పలవలస పక్కన లంగరు. ఎండ బాగా ఉంది.

పొద్దున్నే చెనక్కాయలు వేయించాను. వేయించే మర ఒకటుంది కానీ దానికి వాసన తెలియదు, మాడ్చి పెడుతుంది. కడప వైపు చెనక్కాయల మధ్య పుట్టి పెరిగిన నర్సుని, నాకు ముక్కే మర. వేయించినవాటిలో పాలపొడి, నాచుపొడి, నూనె, బెల్లం వేసి రుబ్బితే ముద్ద తయారు. నేల మునిగిపోయి నీళ్ళ మీద ఊళ్ళు వెలిసిన ప్రతిచోటా, చిక్కిపోయిన పిల్లలకు పాపల సమితి పెట్టేది ఈ ముద్దే. దేశానికో పేరు, రుచి ఒకటే.

మధ్యాహ్నం మంచినీళ్ళ యంత్రంలో ఉప్పు గోకాను. పడవ అడుగున నత్తలు పట్టాయి, అవి రేపటికి.

అసలు సంగతి, కొత్త కాటా వచ్చింది. ఇన్నాళ్ళూ గుడ్డ ఉయ్యాల్లో పిల్లని వేలాడదీసి తూచేవాళ్ళం. ఇది అట్లాంటిది కాదు. కూర్చోబెట్టడానికి తొట్టి, పట్టుకోవడానికి రెండు మెత్తని చేతులు, ఒక కన్ను, ఒక మైకు. ఏ ఊళ్ళో పెడితే ఆ ఊరి మాట నేర్చుకుంటుందట. దాని అసలు పేరు బారెడు అంకెలు. నేను కాటాబాబు అని పెట్టాను. "సంతోషం షాహిదా గారూ" అంది. మర్యాద తెలిసిన యంత్రమే.

తెప్పలవలస ఒకప్పుడు గట్టు మీదున్న ఊరే. గట్టు పోయింది, ఊరు తేలింది. డ్రమ్ముల మీద పలకలు, పలకల మీద ఇళ్ళు, ఇంటికీ ఇంటికీ మధ్య తాళ్ళు. తూకం రోజంటే ఆడవాళ్ళంతా పిల్లల్ని చంకనేసుకుని మా పడవ ముందు వరస కడతారు.

అందరికంటే ముందు అప్పలకొండ తన కొడుకు సూరిని తొట్టిలో కూర్చోబెట్టింది. కాటాబాబు కన్ను మిలమిలా మెరిసింది. మైకు ఊరంతా వినపడేలా మోగింది.

"అభినందనలు! చిరంజీవి సూరి బరువు చక్కగా పెరిగింది! ఈ ఊరి పిల్లలందరిలో బలమైన బిడ్డ ఇతడే! అందరూ చూసి చప్పట్లు కొట్టండి!"

ఒక్కరూ కొట్టలేదు. అప్పలకొండ కొడుకుని లాక్కుని పైట కప్పేసుకుంది. సిగ్గుపడిందనుకున్నాను.

తర్వాత పోలమ్మ మనవరాలు మువ్వ. ఈ ఊళ్ళో నా ప్రాణమంతా ఈ పిల్ల మీదే. తల్లి దూరపు నాచు మళ్ళల్లో కూలికి పోయింది, సాకేది అమ్మమ్మే. కిందటి నెలలో మా దగ్గరికి తెచ్చినప్పుడు దాని జబ్బ నా బొటనవేలంత ఉంది. ఏడవడానికి కూడా ఓపిక లేదు. బాగా చిక్కిన పిల్ల అని గుర్తుగా చేతికి ఎర్ర పట్టీ కట్టి ముద్ద మొదలుపెట్టాం. నేను పెడితే మూతి తిప్పేసింది. గిన్నె ఎదురుగా పెడితే చెయ్యి చాచలేదు. పోలమ్మ పెడితేనే తింటుంది, అదీ తిడుతూ పెట్టాలి. "తినీ, తినకపోతే కాకెత్తుకుపోద్ది. కాకి కూడా ఎముకలేటని ఒగ్గేత్తాది నిన్ను" అని ఆవిడ అంటుంటే నోరు తెరుస్తుంది.

ఇవాళ మువ్వ బరువు కూడా పెరిగింది. కాటాబాబు ఆ ముక్కా మైకులో చాటింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పోలమ్మ నా వైపు ఒక చూపు చూసింది. అది సంతోషం చూపు మాత్రం కాదు.

లాగ్ 119
అదే లంగరు. గాలి లేదు, మనుషులూ లేరు.

వారం తిరిగింది, మళ్ళీ తూకం రోజు. ఎవరూ రాలేదు. ఒక్క పిల్ల లేదు, ఒక్క పిల్లాడు లేడు. కాటాబాబు తొట్టి తుడుచుకుని, చేతులు చాపుకుని పొద్దుగూకేదాకా కూర్చుంది. "ఇవాళ సెలవా?" అని మూడుసార్లు అడిగింది.

ముద్ద పాడైందేమోనని నేనే ఒక డబ్బా తిని చూశాను. బ్రహ్మాండంగా ఉంది. ఇంకో సగం డబ్బా కూడా తిన్నాను, అది అనుమానంతో కాదు.

ఇక్కడ వడ్డన గురించి రాయాలి. ప్రపంచంలోని సాయం పడవలన్నిటికీ ఎవరికెంత ముద్ద పంపాలో తేల్చే బుర్ర పేరు వడ్డన. మనిషి కాదు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. వడ్డన ఎవరివాడూ కాదు, దానికి తెలిసింది తూకం ఒకటే. వరసగా రెండు తూకాలు రాకపోతే ఆ ఊరి డబ్బాలు ఇంకో ఊరికి పోతాయి. ఆకలితో ఉన్న ఊళ్ళు ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి దాన్ని తప్పుపట్టలేం. కానీ మువ్వకి ముద్ద మధ్యలో ఆగితే, ఎక్కిన మెట్లన్నీ దిగిపోతుంది. మళ్ళీ ఎక్కించే అవకాశం ప్రతిసారీ దొరకదు.

లాగ్ 120
మబ్బు. చిన్న తెప్ప వేసుకుని ఊళ్ళోకి పోయాను.

ఏ ఇంటికి వెళ్ళినా పిల్లలు పడుకున్నారనే అన్నారు. ఒకింట్లో పడుకున్న పిల్లాడు నా కాళ్ళ సందునుంచి పరుగెత్తుకుపోయాడు. "లెగిసినట్టున్నాడు" అంది వాళ్ళమ్మ, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

ఒకటి మాత్రం గమనించాను. ప్రతి పిల్లకీ బుగ్గన, అరికాలిన నల్లచుక్క. అదీ చుక్కలా లేదు, రూపాయి బిళ్ళంత ఉంది. అప్పలకొండ గుమ్మంలో ఉప్పూ మిరపకాయలూ తీసి నిప్పులో వేస్తోంది. ఘాటుకి నాకు దగ్గొచ్చింది, తనకి రాలేదు. అంటే దిష్టి గట్టిగానే తగిలిందని వీళ్ళ లెక్క. తూకం జరిగిన సాయంత్రమే సూరికి జ్వరం వచ్చిందట. కొత్త పన్ను వస్తోంది, నేను వేలు పెట్టి చూశాను. ఆ మాట చెబితే అప్పలకొండ వినలేదు.

పోలమ్మ ఇంటి ముందు వల బాగుచేస్తోంది. ఒళ్ళో మువ్వ. నేను కూర్చున్నాను.

"పోలమ్మత్తా, నామీద కోపమా?"

"నీమీద కోపమేటి నర్సమ్మా. నీ ఇనప గుంటడు నోరు మూసుకుంటే సాలు."

"పిల్ల పెరిగిందనే కదా చెప్పింది."

"అదే కదా. పదిమందిని కూడేసి, పెరిగింది సూడండి, బలిసింది సూడండి అంటే అందరూ సూడరేటి? సూపే కదా తగిల్తాది. పెరిగిన పిల్లని పెరిగింది అనకూడదు. ఆ మాత్రం మీ ఊళ్ళో తెల్దేటి?"

తెలియకేం. మా నానీ, అదే మా అమ్మమ్మ, నన్ను పొరుగింటికి పంపేటప్పుడు జుట్టు చెరిపి, ముక్కుకి మసి రాసి పంపేది. ఎవరైనా "బొద్దుగుంది" అంటే "యాడ, తినేదే ల్యా" అని పళ్ళు కొరికేది. చదవేస్తే ఉన్నమతి పోయిందని నా గురించే అన్నట్టున్నారు. ఎక్కడో తల్లులకి చప్పట్లు ఇష్టమైతే, ఆ చప్పట్లు యథాతథంగా తెచ్చి తెప్పలవలసలో కొట్టబోయాను.

"నోరు మూయిస్తానత్తా" అన్నాను.

"అయితే అందరం వస్తాం" అంది. మువ్వ నా గాజు పట్టుకుని లాగింది. లాగే ఓపిక వచ్చిందని లోపల మురిసిపోయాను, పైకి ఏమీ అనలేదు. నాకూ నెమ్మదిగా మతి తిరిగొస్తోంది.

లాగ్ 121
తుంపర. నత్తలు గీకడం అయింది, నడుం పట్టేసింది.

కాటాబాబు నోరు మూయడం కుదరదట. పూర్వం కొన్ని పడవల వాళ్ళు తూకాలు దాచి, ముద్ద డబ్బాలు అమ్ముకున్నారు. అప్పట్నుంచి తూకం బయటికి చెప్పి తీరాలని సమితి నియమం. ఎంత చిన్నగా చెప్పాలి, ఏ మాటల్లో చెప్పాలి అన్నది మాత్రం ఊరి ఇష్టం. ఆ సందు చాలు మనకి.

పోలమ్మని, అప్పలకొండని పడవకి పిలిచాను. కాటాబాబుని ముందు కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాం.

"అంకె తల్లి సెవిలో సెప్పు, గుసగుసగా," అంది పోలమ్మ. "పైకి మాత్రం ఇలగనాలి. ఏటుందిక్కడ, ఈక. గాలేస్తే ఎగిరిపోద్ది."

కాటాబాబు కాసేపు ఆలోచించింది. "కానీ బిడ్డ బరువు పెరిగింది కదండీ. అది అబద్ధం అవుతుంది."

"అబద్దం కాదురా బాబూ," అంది పోలమ్మ. "ఇక్కడ అందరికీ తెలుసు, ఈక అంటే పెరిగినట్టే. మరి నిజంగా తగ్గినోళ్ళని ఏటనవు. ఊరుకుంటావు. తల్లి సేతిమీద సెయ్యేస్తావు. అంతే."

కాటాబాబుకి అర్థమైంది. గుర్తులు పెట్టుకునే సిరా కలంతో తనంతట తానే పోలమ్మ ఒళ్ళో ఉన్న మువ్వ అరికాలికి నల్లచుక్క పెట్టింది. పోలమ్మ చూసి "కొంచెం ఎడమకి" అని దిద్దింది.

లాగ్ 122
ఎండ. తూకం రోజు, వరస పడవ చివరిదాకా ఉంది.

ఊరు ఊరంతా వచ్చింది. పిల్లలు లేనివాళ్ళు కూడా వచ్చారు, వినడానికి.

"ఏటీడు, పుల్ల. పొయ్యిలోకి కూడా పనికిరాడు" అంది కాటాబాబు సూరిని చూసి. వరసంతా ఒకటే నవ్వు. అప్పలకొండ ముఖం వెలిగిపోయింది, "మరేటి, తినడు కదా" అని వంతపాడింది. వాడు తినే తిండి నాకు తెలుసు. మువ్వ వంతు వచ్చేసరికి యంత్రానికి ఉత్సాహం పొంగింది. "ఇదేటి పిల్లే పోలమ్మా, నీడ కూడా పడ్డం నేదు. కాకెత్తుకుపోబోయి ఒగ్గేసినట్టుంది." పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆవిడ నవ్వగా చూడడం ఇదే మొదలు.

ఒకే ఒక పిల్ల దగ్గర కాటాబాబు మాట్లాడలేదు. తల్లి చేతిమీద మెత్తగా చెయ్యి వేసింది. ఆ పిల్లకి ఈరోజునుంచే ఎర్ర పట్టీ కట్టాం.

సాయంత్రం నేను చెనక్కాయలు వేయిస్తుంటే కాటాబాబు తొంగిచూసి "ఏటి నర్సమ్మా, మాడిపోనాయి" అంది. మాడలేదు. మెచ్చుకుందన్నమాట. "నువ్వు కూడా సిక్కిపోనావు" అంది. నా ఒంటిని చూసి ఎవరైనా ఆ మాట అని ఎన్నేళ్ళయిందో. రాత్రి వంట కాస్త ఎక్కువే చేసుకున్నాను.

లాగ్ 125
గాలి ఎక్కువ. మనసు బాగాలేదు.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. మా నవ్వులకి పండిన పంట ఇది. వడ్డన నుంచి కబురు: "తెప్పలవలసలో బిడ్డ మువ్వ. అంకె పెరుగుదల చూపుతోంది, కాటా మాట క్షీణత చూపుతోంది. రెండూ కలవనప్పుడు చెడ్డదాన్నే నమ్మాలి. ఎర్ర పట్టీ బిడ్డకు ముద్ద ఫలించడం లేదు. ముద్ద ఆపి ఆసుపత్రి ఓడకు తరలించండి. పడవ రేపు వస్తుంది."

కాటాబాబు పైకి అన్న మాటలన్నీ వడ్డన చెవిలో పడ్డాయి. అంకెతో పాటు మాటా వెళ్తుందని నాకు తెలియదు. చెడ్డదాన్నే నమ్మాలన్న నియమాన్ని తిట్టలేను. ఆకలి విషయంలో తప్పు జరిగితే పిల్లకి ఎక్కువ సాయం అందే వైపే జరగాలి. కానీ ఆ ఓడ వానలు వెళ్ళేదాకా తిరిగి రాదు. పెద్దవాళ్ళకి చోటుండదు. మువ్వ పోలమ్మ చేత్తో తప్ప తినదు. అక్కడ గొట్టాలుంటాయి, మంచి డాక్టర్లుంటారు, కాకి కథ చెప్పేవాళ్ళు మాత్రం ఉండరు.

మా సమన్వయకర్త మకేనాతో మాట కలిపాను. ఆవిడ ఉండేది ఆఫ్రికా తీరంలో. మహా సరదా మనిషి. కానీ మా మధ్య భాష మార్చే పెట్టె ఏ పాత పుస్తకంలో తెలుగు నేర్చిందో ఏమో.

"సోదరీ, మీ వృత్తాంతము విని మిక్కిలి నవ్వితిని," అంది పెట్టె. వెనకాల మకేనా నిజంగానే పగలబడి నవ్వుతోంది. తర్వాత గొంతు మారింది. "మా అవ్వ కూడా అట్లే చేయును. అయినను వడ్డన మీ మాట వినదు, నా మాట వినదు. సాయము చేయువారే తూకములు దాచిన కాలమొకటి ఉండెను గదా. బిడ్డను పెంచువారు తమ నోట, ఊరివారి సమక్షమున, బిడ్డ పెరిగినదని చెప్పవలెను. అది ఒక్కటే దారి."

పోలమ్మ నోట. ఊరందరి ముందు. ఇంతకంటే సముద్రాన్ని వెనక్కి పొమ్మనడం తేలిక.

లాగ్ 126
ఎండ, అలలు తక్కువ. ఇది ఇప్పుడే రాస్తున్నాను, చేతులకింకా బెల్లం అంటి ఉంది.

ఆసుపత్రి పడవ పొద్దున్నే వచ్చింది. నడిపేవాళ్ళు లేరు. తెల్లని ఉయ్యాల, పైన ఒక కన్ను, అంతే. ఊరంతా మా పడవ చుట్టూ తెప్పలేసుకుని చేరింది.

పోలమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ మువ్వని గట్టిగా పట్టుకుంది.

"నా నోటితో నానే సెప్పాలా," అంది. "అందరి సూపు కన్నా కన్నోళ్ళ సూపే ముందు తగిల్తాది నర్సమ్మా. ఇన్నాళ్ళూ దీన్ని నిండుగా సూడను కూడా సూడనేదు నాను. అన్నం పెడితే పక్కకి సూసి పెట్టినాను."

పన్ను, జ్వరం అంటూ పాఠం చెప్పే వేళ కాదది. నేను ఏడుస్తున్నానని కూడా అప్పుడే తెలిసింది.

ఆవిడే అడిగింది. "ఆ వడ్డనకి కళ్ళున్నాయేటి?"

"లేవత్తా. చెవులే."

"సెవికి దిష్టి నేదు," అంది పోలమ్మ, తనలో తాను లెక్క కట్టుకుంటూ. "విన్నోళ్ళు తిరిగి సూస్తేనే కదా తగిల్తాది. మరి ఊరోళ్ళకి కళ్ళున్నాయి."

"మూసుకుంటాం," అంది అప్పలకొండ.

అంతే. ఇంకెవరూ ఏమీ చర్చించలేదు. అప్పలకొండ సూరి కళ్ళమీద చెయ్యి పెట్టి, తన కళ్ళు మూసుకుంది. పక్క తెప్పలో ఆడవాళ్ళు మూసుకున్నారు. వలల దగ్గర మగవాళ్ళు తలపాగాలు కిందికి లాక్కున్నారు. ఎవరో ఆసుపత్రి పడవ కన్నుమీద తడి తువ్వాలు ఆరేశారు. కాటాబాబు తన కంటిమూత దించుకుని, "నానూ మూసీసినాను" అని గుసగుసగా చెప్పింది. నేను మాత్రం తెరిచి ఉంచాను, సాక్షిగా లాగ్ రాయాల్సినదాన్ని. మనసులో నానీని తలుచుకుని మూడుసార్లు తూతూ అనుకున్నాను.

పోలమ్మ మువ్వని తొట్టిలో కూర్చోబెట్టింది. తనూ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"వడ్డనా, ఇను," అంది. "నాను పోలమ్మని. మువ్వ అమ్మమ్మని. నా మనవరాలు పెరిగింది. దీని మొలతాడు రెండు సార్లు వదులు సేసినాను. ఎవులికీ సెప్పకుండా తలుపేసుకుని సేసినాను. పాత తాడు దాసుకున్నాను. అప్పుడు ఎత్తుకుంటే సంకలో ఏటీ నేనట్టుండేది. ఇప్పుడు సెయ్యి లాగుతాది. లాగితే నాకు బాగుంతాది. పెరిగింది. నా పిల్ల పెరిగింది. ఇంక దీన్ని తీసుకుపోకు."

డ్రమ్ముల కింద నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

మువ్వ చుట్టూ చూసింది. ఎటు చూసినా మూసిన కళ్ళే. దానికది ఆటలా తోచి ఉంటుంది. తొట్టి పక్కన నేను పెట్టిన ముద్ద డబ్బా ఉంది, మూత తీసి. ఎవరూ పెట్టలేదు, ఎవరూ తిట్టలేదు. చెయ్యి చాచింది. వేళ్ళు ముంచింది. నోట్లో పెట్టుకుంది. మళ్ళీ ముంచింది.

నా నోటికి నేనే చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"పెంపకందారు మాట అంగీకరించబడింది," అంది వడ్డన, కాటాబాబు మైకులోంచి. "ఊరి మాటలో ఈక అనగా పెరుగుదల అని నమోదు చేసుకున్నాం. ముద్ద కొనసాగుతుంది. పడవ వెనక్కి వస్తుంది." తువ్వాలు కప్పుకునే ఆ పడవ వెనక్కి తిరిగింది. ఎవరిదోగానీ తువ్వాలు మాత్రం పోయింది.

అందరూ కళ్ళు తెరిచి, ముందు సముద్రంలోకి తూతూమని ఉమ్మారు. పోలమ్మ మనవరాలిని చూసింది. ముక్కు దాకా బెల్లం ముద్ద, రెండు చేతులకీ ముద్ద, జుట్టులో కూడా ముద్ద.

"ఎవులెట్టినారు దీనికి?" అంది.

అప్పలకొండ చూడలేదంది. మగవాళ్ళు చూడలేదన్నారు. "నాకేటి తెలుసు, కళ్ళు మూసుకున్నాను" అంది కాటాబాబు. అందరూ నా వైపు తిరిగారు.

నేనూ చూడలేదన్నాను. పోలమ్మ నా ముఖం చదివింది. కూతురి కూతుర్ని ఎత్తుకుని, పక్కకి తిరగకుండా, మొదటిసారి నిండుగా చూసింది.

పైవాళ్ళకి మనవి: ఇవాళ్టి బరువు వడ్డనకి పంపాను, ఈ లాగ్‌లో రాయను. ఇది చదివేవాళ్ళు ఎంతమందో, ఎవరి కళ్ళు ఎట్లాంటివో నాకు తెలియదు. అడిగితే ఒకటే చెబుతాను. పిల్లదేముంది, ఈక.